బుల్లోడికి పాలసీ

నేను రాజోలులో ఇన్సూరెన్స్ ఏజెంటుని. దూరంగా నా స్కూటర్ చూసి పక్క సందులోకి తిరిగిపోయే మనుషులు చాలామందే ఉన్నారు. వాళ్ళందరిలోకీ గట్టివాడు మా బావ వీరబాబు, అంటే మా చెల్లెలు సత్యదుర్గ మొగుడు. కువైట్‌లో ఒక షేకుగారింట్లో డ్రైవరు. ఆరోగ్య పాలసీ మాట ఎప్పుడెత్తినా "నాకేటండి బావగారూ, గుండ్రాయిలా ఉంటేనూ" అని మాట మార్చేసేవాడు. సెలవులో వచ్చినప్పుడైనా పట్టుకుందామని వెళితే ముందు పనసాకుల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి పెట్టించేవాడు. కడుపు నిండాక కోపం ఎంతసేపని నిలుస్తుంది?

అలాంటి మనిషి ఓ ఆదివారం తనంతట తానే ఫోన్ చేసి, "బావగారూ, ఒక పాలసీ చూడండి" అన్నాడు. ఆనందంతో కాగితం, కలం అందుకున్నాను.

"మీ ఒక్కరికేనా, దుర్గకి కూడానా?" అన్నాను.

"మాక్కాదండి. బుల్లోడికి."

బుల్లోడంటే వాళ్ళ కుక్క. కిందటేడు సెలవులో బావ అప్పనపల్లి వెళ్ళొస్తుంటే రోడ్డు పక్కన దొరికింది. నాటు కుక్కపిల్ల. చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. మొన్న వానల్లో దానికి రక్తం పీల్చే పిడుదుల వల్ల జ్వరం వచ్చి చావు తప్పింది. మా చెల్లెలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో అమలాపురం పశువుల డాక్టరు దగ్గరికి తిప్పింది. అది అన్నం ముట్టకపోతే బావ కువైట్ నుంచి వీడియో కాల్‌లో బతిమాలేవాడు. అప్పటినుంచీ అతనికి ఇదే ధ్యాస. షేకుగారి పిల్లికి ఇన్సూరెన్స్ ఉందట, మన బుల్లోడేం తక్కువ తిన్నాడట!

నాకు ఒళ్ళు మండింది. ఒంటికి వద్దన్నవాడు కుక్కకి కావాలంటాడా? స్కూటరేసుకుని తిన్నగా అంబాజీపేటలో చెల్లెలింటికి వెళ్ళాను. దుర్గ అరుగు మీద కూర్చుని ఉంది. మొహం వాడిపోయి ఉంది.

"కుక్కకి పాలసీ ఏమిటే? మీ ఆయనకి మతిగాని పోయిందా?" అన్నాను.

"నేనూ వద్దనే చెప్పేను అన్నయ్యా. ఆ సంగతలా ఉంచు. నిన్న అబ్బులుగారు ఫోన్ చేసేరు" అంది.

అబ్బులుదీ అంబాజీపేటే. కువైట్‌లో బావా అతనూ ఒకే గదిలో ఉంటారు.

"ఈయన మెట్లెక్కితే చాలు, గుండె పట్టుకుని కూలబడిపోతున్నారంట. ఒళ్ళంతా చెమటలంట. ఆసుపత్రికెళ్ళమంటే, ఏదన్నా తేలితే పన్లోంచి పంపేస్తారని వెళ్ళట్లేదంట. నాకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నారంట. నేనడిగితే బాగానే ఉన్నానంటారు. ఏం చెయ్యను అన్నయ్యా?"

ఆమె ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నాను. అంతలో వీడియో కాల్ మోగింది. బావే. దుర్గ కొంగుతో మొహం తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

"అన్నయ్య వచ్చేడండి. బుల్లోడి పాలసీ కనుక్కున్నాడంట. ఇస్తారంటండి. కాపోతే యజమాని ఆరోగ్యం రిపోర్టు కావాలంట. గుండె పరీక్ష, షుగరు, బీపీ, అన్నీ."

టీ నాకు పొలమారింది.

"పాలసీ కుక్కకి గదే? నాకెందుకు పరీక్షలు?" అన్నాడు బావ.

"యజమానికేదన్నా అయితే కుక్కనెవరు చూస్తారని అంటున్నారంటండి. కదా అన్నయ్యా?"

పాలసీ షరతులు ఒక్క అక్షరం దాచకుండా చెప్పి బేరాలు పోగొట్టుకున్నవాణ్ణి నేను. అయినా ఆ పూట మా చెల్లెలి మొహం చూశాక, "ఆయ్, కొత్త రూలండి బావా" అన్నాను.

బావ తెరలోంచి దుర్గనే చూస్తూ ఉండిపోయాడు. "సరే, వెళ్తాన్లే" అన్నాడు.

ఆ వారంలోనే వెళ్ళాడు. గుండె రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందని చెప్పి, అప్పటికప్పుడే స్టెంటు వేశారు. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట. షేకుగారు పన్లోంచి తీసెయ్యలేదు సరికదా, కోలుకునేదాకా బండి తియ్యొద్దని కేకలేశాడట. ఇన్నేళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగి నేను చెయ్యలేని పని మా చెల్లెలు ఒక్క మాటతో చేసింది. పట్టలేని గర్వంతో రాజోలంతా చెప్పుకు తిరిగాను.

కోలుకున్నాక బావ నాకు విడిగా ఫోన్ చేశాడు.

"బావగారూ, ఆ రూలు ఎక్కడా లేదండి."

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"మీతో చెప్పకముందే కుక్కల పాలసీలిచ్చే కంపెనీకి ఫోన్ చేసి అన్నీ కనుక్కున్నానండి. కుక్క ఫొటో, టీకాల కార్డు చాలన్నారు."

"మరి తెలిసీ ఎందుకు వెళ్ళారు బావా?"

"దుర్గకి అబద్ధమాడ్డం రాదండి. పెళ్ళయిన కాణ్ణుంచీ నాతో ఒక్కటీ ఆడలేదు. ఆవేళ చెప్తుంటే గొంతు వణికిపోయింది. చేతిలో ఫోన్ నిలబడట్లేదు. నాతో అబద్ధమాడేదాకా వచ్చిందంటే ఎంత భయపడిపోయిందో అనిపించిందండి. ఉద్యోగం పోతే పోయిందని వెళ్ళిపోయేను. తనకి మాత్రం చెప్పకండేం. నేను నమ్మేననే అనుకోనివ్వండి."

ఆవేళ దుర్గ పక్కనే కూర్చున్న నాకు ఆ వణుకు కనిపించనే లేదు. సముద్రాలవతల ఉన్నవాడికి కనిపించింది.

మర్నాడు దుర్గ బుల్లోణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. చేతిలో దాని ఫొటో, టీకాల కార్డు.

"నీకిష్టం లేదన్నావు గదే?" అన్నాను.

"ఇప్పుడూ లేదు. వానాకాలం పిడుదులు పట్టకుండా చూసుకుంటే దీనికింకేం అక్కర్లేదు. కానీ అన్నయ్యా, పాపం ఆయన నా మాట నమ్మేసి అన్ని పరీక్షలూ చేయించుకున్నారు. ఇప్పుడు పాలసీ తీసుకోపోతే నేను మోసం చేసినట్టవదూ?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ చెప్పిన మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. వీళ్ళిద్దరిలో ఎవరు గొప్పో నాకిప్పటికీ తేలలేదు. ఆ కుక్కల పాలసీ కంపెనీ నాది కాకపోయినా ఫోన్లో వివరాలు నింపడం మొదలుపెట్టాను.

"ఇది ఏటేటా కట్టాలా?" అని అడిగింది.

"ఆ, ఏటేటా కట్టాలి."

దుర్గ బుల్లోడి తల నిమిరింది.

"అయితే రిపోర్టు కూడా ఏటేటా అడుగుతారని ఆయనతో నువ్వే చెప్పు అన్నయ్యా. నాకు అబద్ధం సరిగ్గా రాదు."

చెప్తానన్నాను.