గీత పడిన ముఖం

సముద్రం నాగబాబును తిరిగి ఇవ్వలేదు. అతని బోటులోని పలక ఒకదాన్ని మాత్రం భీమిలి ఒడ్డున పారేసింది. మేనమామ జగ్గయ్య దాన్ని ఆటోలో వేసుకుని మల్కాపురం తెచ్చి, గుమ్మం పక్కన నిలబెట్టి వెళ్ళిపోయాడు. నీలం రంగు ఇంకా పూర్తిగా వదలని ఆ పలక వానాకాలమంతా అక్కడే ఉంది. చలి మొదలయ్యాక నాగబాబు అక్క సూర్యకళ దాన్ని చిత్రిక పట్టి, ఉలి చేతబట్టింది.

అచ్చుబొమ్మలు వేయడం ఆమె వృత్తి. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనక వైపుతో రుద్దుతుంది. ఒసాకాలోని మిత్రురాలు వెదురాకు చుట్టిన బిళ్ళతో రుద్దుతుంది. మెక్సికోలోని ముసలాయన చెంచాతో. సాధనాలు వేరైనా చెయ్యి తిరిగే సున్నా ఒక్కటే. ఇలాంటివాళ్ళు కొందరు కలిసి ఆ ఏడాది ఒక మార్పిడి తలపెట్టారు. ఒక్కొక్కరూ ఒక బొమ్మ చెక్కి అందరికీ సరిపడా ప్రతులు పంపాలి. బదులుగా అందరి బొమ్మలూ ఉన్న పెట్టె ప్రతి ఇంటికీ చేరుతుంది. ప్రతులు పూర్తయ్యాక చెక్క మీది బొమ్మను కొట్టేస్తూ ఒక గీత గీసి, దానితో ఆఖరి అచ్చు తీసి జతచేయాలి. ఇక మరో ప్రతి పుట్టదనడానికి అదే సాక్ష్యం. ఆ నియమం పాతది, ఏ దేశంలోనైనా ఉన్నదే.

సూర్యకళ తమ్ముడి ముఖం చెక్కింది. అచ్చు వేసేవాళ్ళు బొమ్మను తిరగేసి చెక్కుతారు. కాగితం మీద పడినప్పుడు అది సరవుతుంది. ఏళ్ళ తరబడి చేతికి అబ్బిన ఆ సంగతిని ఈసారి ఆమె చెయ్యి మరిచిపోయింది. ఎడమ కనుబొమ మీద గాలం చీరిన మచ్చను, ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ చెక్కినట్టు, ఉన్నచోటే చెక్కింది. కాగితం ఎత్తి చూస్తే మచ్చ కుడి కనుబొమ మీద పడి ఉంది.

తల్లి గురువమ్మ చేపల గంప దించి, ఆరబెట్టిన కాగితం కేసి చూసింది.

"ఎవుడే ఈడు?"

"తమ్ముడే అమ్మా."

"నీ మొకం. నా గుంటడి మచ్చ ఆ పక్కనేటి ఉంటాది? ఇంత సదివి ఎడమా కుడీ తెలీదేటే నీకు?"

అంతలో ఆమె చూపు గోడకు ఆనించిన చెక్క మీద పడింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. దగ్గరికి వెళ్ళి, మచ్చ ఉన్నచోట వేలు పెట్టింది.

"ఈడు... ఈడు మనోడు," అంది.

నాటినుంచి చెక్క నాగబాబు పడుకునే మూలకు చేరింది. గురువమ్మ రోజూ దానికి కొబ్బరినూనె రాసేది, హార్బరు కబుర్లు చెప్పేది. "కోనాం సేప ధర పడిపోనాదిరా. ఆ సేటు నోట్లో నిప్పులు పొయ్యా."

శవం దొరకలేదు గనుక నాగబాబుకు కర్మ జరగలేదు. గడ్డితో బొమ్మ చేసి దహనం చేస్తే చాలని కులపెద్దలు చెప్పారు. బొమ్మ చేస్తే కొడుకు చచ్చినట్టేనని గురువమ్మ ఒప్పుకోలేదు.

ఒకరోజు జగ్గయ్య వచ్చి, సిరా రోలరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటే ఇది, రొట్టెల కర్రనాగుంది! పెళ్ళయ్యాక పనికొత్తాదిలే." నవ్వుతూనే మూలకు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

"ఒలే కళా, ఏటి సేసినావో తెల్సా నీకు? మేం సెయ్యమన్న బొమ్మ నువ్వే సేసీసినావు. కాల్సీదాం."

"అమ్మ ఇవ్వదు మావయ్యా."

"మా అప్ప సంగతి నాకు తెలీదేటి? నువ్వియ్యి. ఆడికి దారి సూపించాల కదే."

ఆమె ఇవ్వలేదు. కాని ప్రతులు పంపవలసిన గడువు దగ్గరపడింది. గీత లేకపోతే ఆ పెట్టెలో తమ్ముడికి చోటు లేదు. అచ్చు కళలో చెక్క అసలు కాదు. కాగితాల మీద ఉన్నదే అసలు. ఆ మాట తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళకు ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు ఎదురుగా ఒక తల్లి కాగితాన్ని కాదని చెక్కనే కొడుకంటోంది. గీత గీస్తే అది నియమం కోసమా, తల్లిని ఆ మూల నుంచి లేపడం కోసమా, ఆ కబుర్లు ఇక వినలేని తన అసహనం కోసమా? ఎంత తరచి చూసుకున్నా సూర్యకళకు తేలలేదు.

తేలకుండానే, తల్లి హార్బరుకు వెళ్ళిన ఒక ఉదయం, ఉలిని తమ్ముడి నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క ఊపున దింపింది. చెక్క ఉప్పు వాసన వేసింది. సిరా పూసి ఆఖరి అచ్చు తీసింది. నల్లని ముఖం మీద గీత తెల్లగా పడింది.

గురువమ్మ వచ్చింది. చేప పొట్ట చీరిన చోటు తడిమినట్టు ఆ గాడి వెంట బొటనవేలు పోనిచ్చింది. కూతురిని తిట్టలేదు. చెక్క మీదికి వంగి, "నొప్పెట్టినాదేట్రా?" అంది. తల తిప్పకుండానే కూతురితో చెప్పింది.

"మీ మావయ్యని పిల్సు."

ఒడ్డున పలక త్వరగా అంటుకోలేదు. ఉప్పు చిటపటలాడింది. జగ్గయ్య డీజిలు పోశాడు. గురువమ్మ ఏడవలేదు, ముఖం కాలిపోయేదాకా చూసి, సముద్రంలో తానమాడి, తడిబట్టలతో ఇంటికి నడిచింది.

మర్నాడు సూర్యకళ ప్రతులను పొట్లం కడుతూ, గీత పడిన ఆఖరిదాన్ని పక్కకు తీసింది.

"అదెందుకు తీసేత్తన్నావు?"

"ఇది మన దగ్గరే ఉండనీ అమ్మా. వాళ్ళు ఏమంటే అననీ."

"వొద్దు. పంపీ. మంచియే పంపితే ఈడింకా ఉన్నాడనుకుంటారు ఆళ్ళు. నానున్నట్టే ఎదురుసూత్తా ఉంటారు ఆళ్ళూను."

సూర్యకళ దాన్ని అన్నిటికంటే పైన పెట్టి, పొట్లం కట్టేసింది.

సాయంత్రం గురువమ్మ గంప దించి, అలవాటుగా మూలకు తిరిగింది. "కోనాం ఇయ్యాల..." అని మొదలుపెట్టి, గోడకు మిగిలిన నూనె మరకను చూసి, ఆగిపోయింది.