ఇద్దరికీ ఒకే పలక

"ఇద్దరికీ కలిపి ఒకే పలక ఇయ్యి. కలిసి బొమ్మలు గీసుకుంటే అన్నకూ చెల్లెలికీ ప్రేమ పెరుగుతాది" అన్నది మా అత్త. అప్పుడు నేను పెరట్లో కూర్చుని పలకలు రుద్దుతున్నాను. మార్కాపురం పలకలు మద్రాసు దాకా పోతాయని మా ఆయన పేతురు గొప్పగా చెప్పుకుంటాడు. కార్ఖానాలో పలకలు కోస్తాడాయన. సాయంత్రం ఓ మోపు ఇంటికి తెచ్చి నా ముందు పడేస్తాడు. ఇసుకా నీళ్ళూ పోసి నున్నగా రుద్దేది నేను. కూలీ మాత్రం ఆయన పేరు మీద వస్తుంది. వేళ్ళు అరిగిపోవడం ఒక్కటే నా పేరు మీద. ఇన్ని పలకలున్న ఇంట్లో పిల్లలకు రెండో పలక లేదట! పైగా ఆ పిసినారితనానికి ప్రేమ అని పేరు.

ప్రేమ పెరగలేదని అనను. మా పిల్లలు సామ్యేలూ యేసుమణీ అరుగు మీద తలకు తల ఆనించి కూర్చుంటే చూడముచ్చటగానే ఉంటుంది. వాడు "కుక్కకు కోపం రావాల" అంటాడు, ఆ పిల్ల ఒక్క గీతతో కుక్కకు కోపం తెప్పిస్తుంది. వాడు పకపకా నవ్వుతాడు. బొమ్మ అయ్యాక కింద తన పేరు రాసుకుంటాడు. మొదట్లో యేసుమణి తన పేరూ రాయమని ఏడ్చింది. "అన్న పేరుంటే నీ పేరున్నట్టు కాదా?" అన్నది అత్త. "పేరు కోసం ఏడుపేంది? ఆడపిల్లకు అంత పంతం పనికిరాదు" అన్నాడు మా ఆయన. నేను పలక రుద్దుతూ ఉండిపోయాను. ఆ మాటలన్నీ నా చిన్నప్పుడే మా అమ్మ దగ్గర విని ఉన్నాను, కొత్తగా కోపం ఎక్కడి నుంచి తెచ్చుకోను?

మా అన్న గిద్యోనుకూ నాకూ కూడా ఒకే పలక. అన్న చేతిలో బలపం నిలిచేది కాదు. కోడిని గీస్తే చెంబయ్యేది. ఆ కసి నా వీపు మీద తీర్చుకునేవాడు. "వాని పేరు రాసుకోనీ, నీ సొమ్మేం పోయింది?" అనేది అమ్మ. మిషను బడికి దొరసాని వచ్చిన రోజున పలక మీద ఉన్నది నేను గీసిన కోడి, దాని వెనకాల పిల్లలు. కింద ఉన్నది గిద్యోను పేరు. దొరసాని మురిసిపోయి అన్నను బోర్డింగులో చేర్పించింది. ఇప్పుడు అన్న గిద్దలూరులో డ్రాయింగు మాస్టరు. నేను మీకు తెలిసిందే, పలకలు రుద్దుతున్నాను. మా చిన్నప్పటి పలక సంగతి చెప్పేటప్పుడు అన్నకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. అది నటన కాదు. నాకు అదే మంట. ప్రేమ లేనివాడైతే హాయిగా తిట్టుకుని ఊరుకునేదాన్ని.

మొన్న ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక అన్న మా ఇంటికి వచ్చాడు. అందరికీ సంగటీ కోడికూరా వడ్డిస్తున్నాను. అరుగు మీది పలక అన్న కంట పడింది. గద్దను చూసి రెక్కలు విప్పి నిలబడిన కోడి. కింద సామ్యేలు.

"ఏంది బావా ఈ పిల్లోడు! అంతా మేనమామ పోలిక" అన్నాడు అన్న. "ఈన్ని నాతో పంపించు. బోర్డింగులో చేర్పిస్తా. రేపు రైలుకే తీసకపోతా."

మా ఆయన మొహం చాటంత అయింది. సామ్యేలు తల వంచుకుని ముద్ద మింగాడు. వాడూ నేర్చుకున్నాడు.

తలుపు పక్కన నిలబడ్డ యేసుమణి, "అది నేను గీసినా మామా" అన్నది.

"ఊరుకోయే. వాని పేరు రాసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

ఆ మాట అత్త అన్నదనుకున్నాను. అత్త నోటి నిండా సంగటి ఉంది. అన్నది నేనే.

గరిటె కూరలో వదిలేశాను. పలక తెచ్చి అన్న ముందు పెట్టాను.

"అన్నా, ఆ పొద్దు దొరసాని చూసిన కోడిని ఎవరు గీసినారు?"

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ? ఇద్దరం కలిసే గదా..."

"గీసింది నేను. నువ్వు పేరు రాసినావు. ఈ కోడిని గీసింది యేసుమణి. తీసకపోతే గీసినదాన్ని తీసకపో."

"తల్లివేనా నువ్వు? అన్నాచెల్లెళ్ళ మధ్య చిచ్చు పెడతావా?" అని అరిచాడు మా ఆయన.

"పోతే ఆ పిల్ల పోతాది. లేకుంటే ఎవరూ పోరు. కాదని పిల్లోణ్ణి పంపితే, నువ్వు తెచ్చిన మోపు తెచ్చినట్టే పెరట్లో పడుంటాది."

గూట్లో పలకల చట్రాలకు కొట్టే మేకు ఉంది. తీసి యేసుమణి చేతిలో పెట్టాను. మేకుతో గీసింది ఎంత తుడిచినా పోదని, ఆ పలక ఇంక ఎందుకూ పనికిరాదని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

"పలక పాడైపోతాదే!" అన్నది అత్త.

"పాడు కానీ. రాయి తల్లీ."

యేసుమణి సామ్యేలు పేరు తుడిచింది. మేకు గట్టిగా నొక్కి, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం తన పేరు చెక్కింది. పలక కీచుమంది. అయిపోయాక మేకు కింద పెట్టకుండా నా వైపు తిరిగి, మెల్లగా అడిగింది:

"అమ్మా, అన్న పేరు యాడ రాయాల?"

"వాడు గీసిన బొమ్మ కింద" అన్నాను.