ఎర్ర ఇసుక దారిలో మరచెంబు

నేను ఒక మరచెంబుని. ఇత్తడి ఒళ్లు, లోపల కళాయి, మెడకి మర, దాని మీద తిప్పి బిగించే మూత. ఆ మూతలోనే నీళ్లు వంచుకుని తాగొచ్చు. నా జాతివాళ్లని ఇప్పుడెవరూ గుర్తుపట్టడం లేదు. అమెరికాలో ఒకావిడ నన్ను చూసి, లోపల ఎవరి అస్థికలో ఉన్నాయనుకుని, పాపం గుండె మీద చెయ్యి వేసుకుంది.

నన్ను చేసింది గోదావరి పక్క ఊళ్లో ఒక కంచరి. మర సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి నాలో నిండా నీళ్లు పోసి, తలకిందులు చేసి, పొడి బూడిద మీద వేలాడదీశాడు. సాయంత్రానికి కూడా బూడిద తడవలేదు. అప్పుడు గాని నన్ను అమ్మలేదు. పుట్టగానే తలకిందులుగా వేలాడదీస్తే ఎవరికైనా భయం పట్టుకుంటుంది. ఎక్కడ కారిపోతానో, దాహం వేసినవాళ్లకి అందకుండా పోతానో అన్న బెంగ నన్ను ఈనాటికీ వదల్లేదు.

నన్ను కొన్నది రత్నమాల వాళ్ల అమ్మమ్మ. కాశీకి బయల్దేరిన రైల్లో, నడిమధ్య స్టేషన్లో, నాలో నీళ్లు పట్టడానికి తాతగారు దిగారు. బండి కదిలిపోయింది. కిటికీ దగ్గర ఆవిడ ఎంత ఏడ్చిందో నేను చూడలేదు. నేను తాతగారి చేతిలో ఉన్నాను, ఆయన ఆఖరి పెట్టె పట్టుకుని వేలాడుతున్నారు. ఆవిడ నుంచి కూతురికి, కూతురి నుంచి రత్నమాలకి వచ్చాను. రత్నమాల నన్ను విమానం ఎక్కించబోతే అక్కడ ఖాళీ చేయించి యంత్రంలోంచి పంపారు. గుక్కెడు మంచినీళ్లకి అంత భయపడే మనుషుల్ని నేను అప్పుడే చూశాను.

డల్లాస్‌లో రత్నమాల, పానకాలరావు కిరాణా కొట్టు నడుపుకుని కూతురు హారికని పెంచారు. ఆ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు, ఫ్రిజ్ తలుపు తీస్తే చల్లటి నీళ్లు. నాతో పని లేకపోయింది. హారిక నాలో ప్లాస్టిక్ పూలు గుచ్చింది. వాటికి నీళ్లు కూడా అక్కర్లేదు.

కొట్టు అమ్మేసిన ఏడాది పానకాలరావుకి గుండెలో స్టెంట్ వేశారు. కోలుకున్నాక ఆయనకి ఎడారి చూడాలనిపించింది. హారిక వద్దంటూనే ఒక ఆర్వీ అద్దెకి తీసి ఇచ్చింది. మంచం, పొయ్యి, స్నానాలగది, కింద నీళ్ల ట్యాంకు, అన్నీ కడుపులో పెట్టుకుని తిరిగే ఇల్లు అది. చూడగానే రత్నమాల గుండె జారింది. గ్యాస్ కారుతుందేమో, టైరు పేలుతుందేమో, మెట్టు మీదకి పాము ఎక్కుతుందేమో. అన్నిటినీ మించి, దిక్కులేని చోట ఆయన గుండె పట్టేస్తుందేమో. బయల్దేరే ముందు పూలు తీసి పారేసి, నన్ను చింతపండుతో తోమి, సంచిలో పెట్టుకుంది.

"ట్యాంకు నిండా నీళ్లుంటే ఈ చెంబెందుకే?" అన్నాడు పానకాలరావు.

"ఆ తొట్టి ఎవరు ఎప్పుడు కడిగారో మీకు తెలుసా?"

పాత్రలూ తల్లులూ ఒకలాగే ఆలోచిస్తారు. ఆవిడ మాట నాకు నచ్చింది.

న్యూమెక్సికో దాటి అరిజోనాలోకి వచ్చేసరికి కొన్న సీసాలన్నీ ఖాళీ అయ్యాయి. అయినా పరవాలేదు, ట్యాంకు ఉంది. దాంతోనే వచ్చింది చిక్కు. నిలవ నీళ్లతో వంట చెయ్యననేది రత్నమాల. ఆర్వీలో తిరిగేవాళ్లు ఒకసారి నింపితే రోజుల తరబడి వాడుకుంటారు. పానకాలరావు మాత్రం రోజూ పొద్దున్నే బండి కింద ఉన్న మర విప్పి నిన్నటి నీళ్లు వదిలేసేవాడు, మర బిగించి, గొట్టం పెట్టి కొత్తవి పట్టేవాడు. రాత్రి ఆగిన చోట చుట్టుపక్కల బళ్లవాళ్లు కాఫీ తాగుతూ ఈ తంతు చూసేవారు.

ఆ రోజు పొద్దున మర విప్పి ఉంది, నీళ్లు పోతున్నాయి. ఆగడమెందుకని పానకాలరావు పైన గొట్టం కూడా పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే పక్క బండి ముందు కూర్చున్న ముసలి దొరసాని తుమ్మింది. ఒక్క తుమ్ము. రెండోది వస్తుందేమోనని రత్నమాల చూసింది. రాలేదు.

"ఏవండీ, లోపలికొచ్చి ఒక్క క్షణం కూర్చోండి. నీళ్లు తాగి వెళ్దాం."

"ఆవిడెవరో అమెరికా ఆవిడ. ఆవిడ తుమ్ముక్కూడా శకునం ఉంటుందా?"

"తుమ్ముకి దేశమేమిటండీ. కూర్చోండి."

కూర్చున్నాడు. నాలోంచి రెండు గుక్కలు తాగాడు. రత్నమాల నన్ను పట్టుకెళ్లి ఆ చోటి కుళాయి కింద మళ్లీ మెడదాకా నింపింది. పానకాలరావు లేచి, గొట్టం తీసి చుట్టేసి, పైమూత పెట్టి, బండెక్కాడు. కింది మర సంగతి తుమ్ముతోపాటే ఎగిరిపోయింది. మేం పోయినంత మేరా వెనక రోడ్డు మీద సన్నటి తడి గీత పడుతూనే ఉంది. కింద నీళ్లు కారుతున్న చప్పుడు నాకు వినిపించింది. బూడిద మీద వేలాడిన పుట్టుక నాది, తెలియకుండా ఉంటుందా? చెప్పడానికి నాకు నోరుంది గాని మాట లేదు.

మధ్యాహ్నం ముందు పానకాలరావు తారురోడ్డు వదిలి మట్టిదారి పట్టాడు. చివర ఎర్రరాతి కోటల్లాంటి కొండలున్నాయని ముందురోజు ఎవరో చెప్పారట. రత్నమాల వద్దంది. ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతుంటే మళ్లీ వద్దంది. ఎంతో దూరం పోయాక దారి ఒక ఎండిన వాగులోకి దిగింది. వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

ఆయన బండిని ముందుకీ వెనక్కీ ఆడించాడు. చక్రాలు ఇంకా దిగాయి. ఇంజను మూలిగి, ముందు నుంచి ఆవిరి చిమ్మి, ఆగిపోయింది. ఏసీ కూడా ఆగింది. కాసేపటికే ఆ ఇల్లు పొయ్యి మీది మూకుడైంది.

"కంగారు పడకు. చల్లారాక రేడియేటర్లో నీళ్లు పోద్దాం" అంటూ పానకాలరావు గిన్నె తీసుకుని కుళాయి తిప్పాడు.

కుళాయి రెండుసార్లు దగ్గింది. చుక్క రాలేదు.

బయటికెళ్లి బండి కింద పడుకుని చూసి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "మర బిగించలేదు" అన్నాడు. చేతుల ఇసుక దులుపుకుంటూ, "ఆ తుమ్ము గోల లేకపోతే బిగించేవాణ్ణి" అన్నాడు.

రత్నమాల సంచి దగ్గరికి వెళ్లింది. నన్ను ఒళ్లోకి తీసుకుని రెండు చేతులా పట్టుకుంది. ఉన్నదల్లా నేనే.

"అది రేడియేటర్లో పోస్తే—"

"ఇసుకలోంచి పైకి లాగుతుందా మీ రేడియేటరు? ఇవి తాగే నీళ్లు."

"అయితే నడిచి తారురోడ్డు దాకా వెళ్తాను. ఎవరో ఒకరు ఆపకపోరు."

"ఈ ఎండలోనా? మీ గుండెతోనా?"

"ఇక్కడ కూర్చుని ఇద్దరం ఎండిపోవడంకంటే నయం కదే."

"బండి దగ్గరే ఉండాలన్నాడు, అద్దెకిచ్చినతను. మనిషి కనపడడు గాని బండి కనపడుతుందన్నాడు. మీరూ విన్నారు."

"ఎవరికి కనపడుతుంది, రాబందులకా?"

టోపీ పెట్టుకున్నాడు. రత్నమాల నన్ను ఇవ్వబోతే తోసేశాడు. "నీకుండనీ." మొండితనంతో అన్న ఆ మాటలో ఎంత ప్రేముందో ఆయనకి తెలియదు. మగవాళ్లు ఆ రెంటినీ ఒకే సంచిలో దాచుకుంటారు.

ఎదురుగా ఎర్ర ఇసుక. దాని మీద గాలి వేడికి వణుకుతోంది. అంత వేడిలోనూ ఆయన నుదుటి మీద చుక్క చెమట లేదు. అది రత్నమాల చూసింది. చెయ్యి పట్టుకుని ఆపితే ఆగే మనిషి కాదు. ఏడిస్తే ఇంకా తొందరగా వెళ్లే మనిషి. ఆయన మెట్టు మీద కాలు పెట్టాడు. ఆవిడ అటు తిరిగి, పోపులపెట్టెలో వేలు ముంచి, మిరియాలపొడి ముక్కు దగ్గర పెట్టుకుంది.

తుమ్మింది. ఒక్కటి.

పానకాలరావు ఆగాడు. "రెండోది కూడా తుమ్మెయ్, వెళ్తాను."

రెండోది వస్తోంది. మిరియాలపొడి ఒక్కదానితో ఊరుకుంటుందా? రత్నమాల ముక్కు బిగబట్టి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా, ఊపిరి ఆపి, దాన్ని మింగేసింది.

"రాదు. ఒంటి తుమ్మే. కూర్చుని వెళ్లండి."

"పొద్దున ఇలా కూర్చునే కదా ఇంత తెచ్చుకున్నాం" అన్నాడు. అన్నాడు గాని, పెళ్లయిన నాటి నుంచీ కూర్చున్న అలవాటు, కాళ్లు వాటంతట అవే మడతపడ్డాయి. మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక లేవబోయాడు. తలుపు పట్టుకున్నాడు, మళ్లీ కూర్చుండిపోయాడు. కళ్లు మూసుకుని, "తిరుగుతోంది రత్నం" అన్నాడు చిన్నగా.

దారి మధ్యలో తిరగాల్సిన తల మెట్టు మీద తిరిగింది. అంతే తేడా.

ఆవిడ ఆయన్ని జరిపి జరిపి బండి నీడలోకి చేర్చింది. చీర చెంగు తడిపి మెడ మీద వేసింది. నా మూతలో నీళ్లు వంచి ఆయన చేత తాగించింది. తర్వాత తనకీ వంచుకుని, పెదవులకి ఆనించి, దించేసింది. నీడ కొంచెం జరిగాక ఇంకో మూత ఆయనకి. మళ్లీ తనకి, మళ్లీ పెదవులకి ఆనించడం. ఆనించిన నీళ్లు తిరిగి నాలోకే వచ్చేవి. నా లోపలి మట్టం నాకు తెలుసు. ఆవిడ గుటక వెయ్యలేదు.

మూడోసారి ఆయన చెయ్యి చాపి నన్ను తీసుకున్నాడు. బరువు చూశాడు.

"నువ్వు తాగలేదు."

"తాగానండీ."

"నీ తుమ్మూ దొంగదే, నీ తాగడమూ దొంగదే. ముక్కు కింద మిరియాలు తుడుచుకో ముందు." మూత నిండా వంచి ఆవిడ నోటి దగ్గర పెట్టి, గొంతు కదిలేదాకా దించలేదు. "నువ్వు పడిపోతే నాకు తుమ్మేవాళ్లెవరు?"

నాలో నీళ్లు అడుక్కి దిగాయి. కదిపితే లోపల చిన్న చప్పుడు వస్తోంది, నాకు అసలు నచ్చని చప్పుడు. రత్నమాల దేవుళ్లందరినీ వరసగా పిలిచింది. చివరికి, సాయంత్రమైతే ఫోన్ రాలేదని హారిక ఎవరికో ఒకరికి చెప్పకపోదని, దేవుళ్లతోపాటు కూతురినీ కలుపుకుంది. సాయంత్రం ఇంకా చాలా దూరంలో ఉంది.

నీడ బండికి రెండో పక్కకి మారాక దూరంగా దుమ్ము లేచింది. గాలిదుమ్మేమో అనుకున్నారు. అది ఆగలేదు, పెద్దదయింది. పాత పికప్పు ట్రక్కు, దాని వెనక తొట్టిలో పెద్ద తెల్లటి నీళ్ల ట్యాంకు, ముందు సీట్లో కుక్క. నడుపుతున్నది అక్కడి నవహో తెగ ఆవిడ, రత్నమాల కంటే కొంచెం పెద్దది. ఆ దారి చివర ఆవిడ గొర్రెలున్నాయి, వాటికి నీళ్లు మోసుకెళ్తోంది. దిగి వీళ్లిద్దరినీ చూసి, ఏమీ అడక్కుండా గొట్టం లాగి నన్ను నింపింది.

"నా పేరు లొరెయిన్. మెల్లగా తాగండి, గబగబా వద్దు. ఈ వాగులో ఎవరో ఒకరు ఇరుక్కుంటూనే ఉంటారు. మీ చెంబు బాగుంది" అంది.

రత్నమాలకి సగమే అర్థమైంది, తల మాత్రం పూర్తిగా ఊపింది. చల్లారిన రేడియేటర్లో నీళ్లు పోశారు. ట్యాంకులో కూడా కొంచెం పోస్తానంటూ లొరెయిన్ వెళ్తే, పానకాలరావు ఆవిడ కంటే ముందు పరిగెత్తి బండి కింద దూరి మర బిగించాడు. ట్రక్కుకీ బండికీ గొలుసు కట్టారు. పానకాలరావు స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాడు. ట్రక్కు ముందుకి కదిలి గొలుసు బిగిసేసరికి ఎర్రదుమ్ము గుప్పున లేచింది.

రత్నమాల తుమ్మింది. నిజం తుమ్ము. ఒక్కటే. ఈసారి ఆవిడ కూర్చోండి అనలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, తప్పు చేసినట్టు, మొగుడి వైపు చూసింది.

పానకాలరావు ఇంజను ఆపేశాడు. దిగి, వంగి ఇంకోసారి బండి కింద చూసి, వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నా కోసం చెయ్యి చాపాడు.

లొరెయిన్ ట్రక్కు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమైంది?" అని కేకేసింది.

"ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు పానకాలరావు, నా మూత విప్పుతూ. "మా ఇంట్లో ఇలాగే బయల్దేరతాం."

ఇప్పుడు నేను డల్లాస్ ఇంట్లో వీధితలుపు పక్కన స్టూలు మీద ఉన్నాను. రత్నమాల నాలో పూలు మళ్లీ పెట్టనివ్వలేదు. రోజూ పొద్దున నిన్నటి నీళ్లు పారబోసి కొత్తవి పడతారు. పట్టేది పానకాలరావు. మూత బిగించాక నన్ను ఓసారి తలకిందులు చేసి, కింద అరచెయ్యి పెట్టి చూస్తాడు. చెయ్యి తడవదు. అప్పటికి గాని ఇంట్లో ఎవరూ గడప దాటరు.