పెళ్ళికొడుకు మడతకత్తి

మడతకత్తులకీ నాకూ పడదు. మొదటిది మామిడికాయ కోస్తుండగా నా చూపుడువేలి మీదే మూసుకుంది. రెండోది చీపురుపల్లి సంతలో కొన్నాను. బొప్పాయి కోస్తే మరమేకు ఊడి గింజల్లో కలిసిపోయింది. మళ్ళీ కొనలేదు.

మూడోదాన్ని మేనల్లుడు యుగంధర్ తన పెళ్ళికని ఫోనులో చూసి తెప్పించుకున్నాడు. మావాళ్ళలో పెళ్ళికొడుకుని చేసిన దగ్గర్నుంచి తాళి కట్టేదాకా చేతిలో ఇనుము ఉండాలి. మా నాన్న పెళ్ళినాటి కత్తి ఇంట్లోనే ఉంది, మూరెడు పొడవు. మొనకి నిమ్మకాయ గుచ్చి పట్టుకుంటారు. దాంతో ఫొటోలు దిగితే మేకని కొయ్యడానికి వచ్చినట్టుంటుందని వాడి బాధ.

"ఇది సూడు అమ్మమ్మా. నొక్కితే తెరుసుకుంటాది, నొక్కితే మూసుకుంటాది. రొంటిని దోపుకుంటే సాలు."

మా అమ్మ తవిటమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "దోపుకుంటే దిష్టికేటి తెలుస్తాదిరా? ఇనుము కనిపించాల."

వాడు నాకేసి చూశాడు. నేను వేలి మీద మచ్చ చూసుకున్నాను.

ముహూర్తం పగలు పది నలభైకి. విడిది నుంచి పందిరి దాకా బాగానే వచ్చాడు. పందిరి గుమ్మంలో పెళ్ళికూతురి చెల్లెలు అమ్మడు చెయ్యి అడ్డం పెట్టింది. వెనక పదిమంది ఆడపిల్లలు.

"బావా, కత్తేది? ఇనుము నేకుండా లోపలికి రానివ్వం."

యుగంధర్ నవ్వుతూ రొంటిలోంచి తీసి నొక్కాడు. తెరుచుకోలేదు. గోరు పెట్టి లాగాడు. పళ్ళతో పట్టుకున్నాడు. బాసికం చెవి మీదికి జారింది.

"అది కత్తా, దువ్వెనా బావా?"

"దువ్వుకోనీయే, ఇంకా టైముంది," అంది వెనకనుంచి ఒకతి.

"ఎనిమిది నిమిషాలే ఉంది!" అని లోపల్నుంచి పంతులుగారు కేకేశారు. వాడి నుదుటి బొట్టు చెమటకి కారుతోంది.

"మావా, ఏదో ఒకటి సెయ్యి!"

నేనూ నొక్కాను. రాలేదు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. తిరిగి వాడికే ఇచ్చేశాను, నా జేబులో ఉంచుకునే ధైర్యం లేక. వాడు విసురుగా రొంటిని దోపుకున్నాడు.

అప్పుడు మా అమ్మ వక్కల సంచి విప్పి అడకత్తెర తీసింది. "ఇదీ ఇనుమే. పట్టుకో."

అమ్మడు దాన్ని పరీక్షగా చూసింది. "సరే గానీ, నాకో వక్క కత్తిరించి ఎల్లు బావా."

కత్తిరించి వెళ్ళాడు. తాళి దాకా ఫొటోలన్నిటిలోనూ అడకత్తెరే.

తాళి కట్టేముందు దాన్ని నా చేతికిచ్చి వంగాడు. మూడో ముడి దగ్గర, టక్కుమంది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

పెళ్ళికూతురు అర్చన తలెత్తకుండానే అడిగింది. "ఏటైనాది?"

"తెరుసుకున్నాది."

"ఏటి?"

"కత్తి."

ఆ పిల్ల భుజాలు అదరడం చూసి, ఏడుస్తోందనుకుని వాళ్ళమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

"ముడి పడింది నాయనా, ఇక లే," అన్నారు పంతులుగారు. వాడు లేవడు. నాకేసి చూస్తాడు. నేను అడకత్తెరకేసి చూశాను. చివరికి అర్చనే మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

లేచాడు. అదృష్టం, ఒంటికి తగల్లేదు. కొత్త పొందూరు పంచెని చీల్చుకుని, నడుం పక్కన రెండంగుళాల కత్తి తళతళలాడుతోంది.

మా అమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"అదిగో, ఇప్పుడు కనిపిస్తన్నాది ఇనుము."