దోమల కలెక్టరు

పాండురంగారావు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రేపల్లెలోని ఆ సందు అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. పిక్క మీద దోమ వాలగానే గాజు గొట్టం ఆనించి, దానికి తగిలించిన రబ్బరు గొట్టం చివర నోటితో పీలుస్తాడు. దోమను సీసాలోకి ఊది, దూది కుక్కి, తేదీ రాస్తాడు. తెనాలి నుంచి ప్యాసింజర్లో వచ్చి ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. కాగితాల్లో ఆ ఉద్యోగం పేరు ఇన్సెక్ట్ కలెక్టర్. వెటకారానికి ఇంకేం కావాలి?

"లేవండర్రా, కలెక్టరు గారొచ్చారు! అర్జీలుంటే ఇచ్చుకోండి" అంది కొళాయి దగ్గర జయలక్ష్మి. ఎవరూ నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. మనవరాలు ఆమని డెంగీతో పోయి ఇంకా నెల కాలేదు.

ఆ జ్వరాన్ని మోసుకొచ్చింది ఎదురింటి సూర్యకుమారేనని సందంతా తేల్చేసింది. చీరాల మగ్గాలవాళ్ళ పిల్ల. పుట్టింటికి వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చింది, మరుసటి వారమే ఆమని పడకేసింది. ఇక సాక్ష్యం దేనికి? పది రోజుల క్రితం జయలక్ష్మి ఆమె బిందెను వరసలోంచి లాగి కాలవ గట్టుకు గిరాటేసింది. ముట్టుకుంటే అంటుకుంటుందని ఎవరూ తీయలేదు. పంతానికి సూర్యకుమారీ తీయలేదు.

"ల్యాబు వాళ్ళు ఎప్పుడు చెబుతారండీ అన్నయ్య గారూ?" కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది సూర్యకుమారి. "పన్నెండింటి బస్సుకి వెళ్ళిపోతున్నాను. మళ్ళీ రావద్దన్నారండి మా ఆయన కూడా."

"ఇవాళ చెబుతారమ్మా. కాస్త ఆగు."

బాపట్ల ల్యాబులో వైరస్‌కి కూడా వంశవృక్షం గీస్తారు. జన్యువుల్లో అక్షరం అక్షరం పోల్చి, ఏ ఊరిది ఏ ఊరి దానికి బిడ్డో చెబుతారు. ఆమని రక్తం, సూర్యకుమారి రక్తం, చీరాల నమూనాలు, అన్నీ ఐసు పెట్టెలో మోసుకెళ్ళింది అతనే. శ్రావణంలో తనకు జ్వరమొచ్చినప్పుడు తెనాలిలో తీసిన రక్తం కూడా అందులోనే వెళ్ళింది.

ఒంటిగంటకు ల్యాబు డాక్టరు మాధవీలత ఫోన్ చేసింది.

"ఆ సందు వైరస్‌కీ చీరాల దానికీ చుట్టరికమే లేదండి. సూర్యకుమారి గారు మీ సందు దోమ చేత కుట్టించుకునే పుట్టింటికి వెళ్ళారు. ఇది తెనాలి బిడ్డ. మీ రక్తంలోని వైరస్‌కీ దానికీ ఒక్క అక్షరం తేడా లేదు. జ్వరంతో డ్యూటీకి వెళ్ళారా, పాండురంగారావు గారూ?"

వెళ్ళాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదన్న పొగరు. ఒళ్ళు కాలిపోతుంటే నాలుగు రోజులు ఇదే అరుగు మీద, ఇవే కాళ్ళు ఎరగా చాపాడు. పట్టినవి పోగా, కుట్టి తప్పించుకున్నవి ఎన్నో! థూ, నీ ఉద్యోగం తగలెయ్య, అని తనను తానే తిట్టుకున్నాడు.

నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. అయినా సాయంత్రం నీళ్ళొచ్చే వేళకు కొళాయి దగ్గర నిలబడి అంతా చెప్పేశాడు.

"నా పిల్లని చంపింది నువ్వా? నీ కాళ్ళు పడిపోను!" జయలక్ష్మి చేతిలో చెంబు వచ్చి అతని భుజానికి తగిలింది.

"నన్ను తిట్టండమ్మా. సూర్యకుమారిని మాత్రం వెనక్కి పిలిపించండి."

"ఏంటి, దాని మీద అంత జాలి? అయితే ఇద్దరూ కలిసే తెచ్చారు!"

అవునవునంది సందంతా. ఎదురింటికి తాళం వేసి ఉంది.

సంచి భుజాన వేసుకొని బయల్దేరబోతూ, అలవాటు కొద్దీ కాలవ గట్టున వంగి చూశాడు. సూర్యకుమారి పేరు కొట్టించిన స్టీలు బిందెలో మొన్నటి వాన నీళ్ళు, ఆ నీళ్ళ నిండా గిలగిల్లాడుతున్న దోమ పిల్లలు.