మత్తు డాక్టరు ఫీజు

"పదిహేను మందికి ఉగ్గాని చేసెయ్ వసంతా. బజ్జీలు మాత్రం వాళ్ళు వచ్చి కూర్చున్నంకనే వెయ్యి, చల్లారితే జయరాం ముట్టడు" అని మా ఆయన వంటింటి గుమ్మంలోంచే చెప్పేసి హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఉగ్గాని సులువైన వంటకం అనుకుంటారు, తినేవాళ్ళు. బొరుగులు నీళ్ళలో ఎంతసేపు ఉండాలో చేతికి తెలియాలి. కాస్త ఎక్కువ నానితే ముద్దయిపోతాయి, తక్కువైతే గొంతులో అడ్డం పడతాయి. నీళ్ళు పిండి, విదిలించి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి దించేసరికి హాలు నిండిపోయింది. ఆ ఆదివారం మా ఇంట్లో ప్రైవేటు ఆసుపత్రుల సంఘం మీటింగు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు చుట్టుపక్కల ఆసుపత్రులు పెట్టుకున్న డాక్టర్లంతా వచ్చారు. మా ఆయన గిరిధర్ ఆ సంఘానికి కార్యదర్శి. సర్కారు ఆరోగ్య కార్డు మీద చేసిన ఆపరేషన్లకు బిల్లులు నెలల తరబడి రావడం లేదు, ఉన్న రేట్లేమో ఎన్నో ఏళ్ళ కిందటివి. అందుకని సోమవారం నుంచి కార్డు కేసులు బంద్. అదే రోజు ఆదోని సర్కారు బంగళాకు వస్తున్న ఆ కార్డు పథకం పెద్దాఫీసరమ్మను కలిసి వినతిపత్రం ఇవ్వాలి.

ఆ వినతిపత్రం రాసింది నేనే. తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలంటే ఆయనకు చెమటలు పడతాయి. "నువ్వైతే బాగా రాస్తావు" అన్నాడు. ఆయన నన్ను పొగిడితే వెనకాలే ఒక పని వస్తుందని పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాను.

ముందే చెప్పాల్సిన మాట మర్చిపోయాను. నేనూ డాక్టరునే. మత్తు డాక్టరును. ఇంత ఆలస్యంగా గుర్తు రావడం నా తప్పు కాదు, మా ఇంట్లో అందరికీ అది చివర్లోనే గుర్తొస్తుంది. కర్నూలు మెడికల్ కాలేజీలో ఇద్దరం కలిసి చదివాం. అప్పుడు నేనతన్ని "గిరీ" అనేదాన్ని. పెళ్ళయ్యాక మా అత్తగారు సులోచనమ్మ, "మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతాదమ్మా" అన్నారు. అంతటితో గిరి పోయి 'ఏమండీ' మిగిలింది. వాళ్ళది ఆదోనిలో తరాలుగా పత్తి వ్యాపారం చేసిన ఇల్లు. మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. "మగ్గం గుంతలోంచి తెచ్చి మేడ మీద కూర్చోబెట్టినాము, ఇంకేం కావాల?" అని ఆవిడ వచ్చినవాళ్ళతో అంటూ ఉంటారు. మేడ మాట నిజమే. కూర్చోబెట్టిన మాటే అబద్ధం.

నేను పళ్ళేలు పట్టుకొని హాల్లోకి వెళ్ళేసరికి ఆయన వినతిపత్రం గట్టిగా చదువుతున్నాడు. "చేసిన పనికి ప్రతిఫలం అడగడం నేరమా? మా ఓర్పును బలహీనతగా భావించవద్దు. సేవ అనే మాటను అడ్డం పెట్టుకొని ఎంతకాలం మాతో ఉచితంగా పని చేయించుకుంటారు?" అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వాక్యాలు రాసేటప్పుడు నేను ఎక్కడా తడుముకోలేదు. ఒక్క పదం కొట్టేసి మళ్ళీ రాయాల్సిన అవసరం పడలేదు. అంత తేలిగ్గా ఎలా వచ్చాయా అని అప్పుడు ఆలోచించలేదు కానీ, ఆయన గొంతులో వింటుంటే మాత్రం చేతిలో పళ్ళెం బరువెక్కింది.

ఎమ్మిగనూరులో ఆసుపత్రి ఉన్న జయరాం బజ్జీ కొరుకుతూ, "ఒక పాయింటు ఇడిచిపెట్టినావన్నా" అన్నాడు. "మత్తు డాక్టర్ల సంగతి. కేసుకు నాలుగు వేలు పెట్టి కర్నూలు నుంచి పిలిపించుకుంటాండాను. ప్యాకేజీలో ఆ ఖర్చు యాడ ఉండాది?"

"నిజమే. అది గూడ రాయాల. మనందరికీ అదే తిప్పలు" అన్నాడు మా ఆయన.

"నీకేం తిప్పలన్నా? నీ మత్తు డాక్టరు బజ్జీలు గూడ వేస్తాది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో పళ్ళెం పట్టుకొని ఇంకేం చేస్తాను?

వంటింట్లోకి వచ్చి స్టవ్ ముందు నిలబడ్డాక ఆ ప్యాకేజీ అన్న మాట నన్ను వదల్లేదు. కార్డు మీద ఆపరేషన్ చేస్తే సర్కారు అంతటికీ కలిపి ఒకే మొత్తం కడుతుంది. కోసే చెయ్యి, మత్తిచ్చే చెయ్యి, నర్సులు, మందులు, రోగికి పెట్టే అన్నం, అన్నీ అందులోనే. ఆ మొత్తం ఆసుపత్రి ఖాతాలో పడుతుంది. ఆసుపత్రి బోర్డు మీద ఉన్న పేరు ఒక్కటే, డాక్టర్ గిరిధర్. పన్నెండేళ్ళుగా ఆ ఆసుపత్రిలో మత్తు నేనే ఇస్తున్నాను. ఒకసారి, మా పాప వర్షాకాలం జ్వరంతో ఉన్నా వదిలేసి ఆపరేషన్‌కు వెళ్ళిన రోజున, నాకూ జీతమంటూ ఒకటి ఉంటే బాగుంటుంది కదా అన్నాను. "మన ఆస్పత్రిలో నీకు జీతమేంది? ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకునేదే గదా" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. రెండు జేబులూ ఆయన ప్యాంటుకే ఉన్నాయని తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నాకు ఇది కొత్త కూడా కాదు. మా ఇంట్లో మగ్గం కూలి ఒక్కటే ఉండేది. గుంతలో కూర్చొని నేసేది మా నాయన, కాబట్టి షావుకారు ఆయన చేతికి ఇచ్చేవాడు. మా అమ్మ శాంతమ్మ రాట్నం ముందు కూర్చొని నూలు కండెలు చుట్టేది. కండె అందకపోతే మగ్గం ఆగిపోతుంది. అయినా కండెలకు వేరే కూలి ఉంటుందని ఏ ఇంట్లోనూ ఎవరూ అనుకోలేదు. బడి నుంచి వచ్చి నేనూ చుట్టేదాన్ని. డాక్టరు చదివి ఆ రాట్నం ముందు నుంచి లేచి వచ్చేశాననుకున్నాను. ఎక్కడికీ రాలేదు. రాట్నమే ఆపరేషన్ థియేటర్లోకి వచ్చింది.

సోమవారం ఆయన నన్నూ బయలుదేరమన్నాడు. "పట్టుచీర కట్టుకో. ఆఫీసరు ఆడామె. మనలో గూడ ఒక ఆడమనిషి కనపడితే బాగుంటాది." కట్టుకున్నాను. బంగళాలో ఆఫీసరమ్మ తెల్లటి నేత చీరలో ఉంది, మా ఎమ్మిగనూరు చీరేమో అని నా చూపు ముందు అంచు మీదికే పోయింది. ఆవిడ మా వాళ్ళు చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. ఇందులో మా వాళ్ళ తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. చేయించుకున్న పనికి డబ్బు ఎగ్గొట్టడం సర్కారు చేసినా తప్పే. మా ఆయన మంచి మాటకారి. అన్నీ వరసగా చెప్పుకొచ్చి చివరకు మత్తు డాక్టర్ల దగ్గరకు వచ్చాడు.

"మా పెద్ద తలనొప్పి వాళ్ళే మేడం. కేసుకు నాలుగు వేలు. అదీ ముందు చేతిలో డబ్బు పడనిదే ఓ.టి.లో కాలు పెట్టరు."

నేను ఆయన పక్కనే కూర్చున్నాను. మా మోచేతులు తగులుతున్నాయి.

ఆఫీసరమ్మ రాసుకుంటూ తలెత్తి నా వైపు చూసింది. "మీరూ డాక్టరేనా అండీ?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే చెప్పాడు. "మా మిసెస్, మేడం. ఆస్పత్రిలో అట్లా చూసుకుంటా ఉంటాది."

ఏడుపు రావాలి. కనీసం కోపమైనా రావాలి. నాకు నవ్వొచ్చింది. పెద్ద నవ్వు. పమిట అడ్డం పెట్టుకొని దగ్గినట్టు సర్దుకున్నాను. ఎన్నాళ్ళుగానో గొంతులో ఇరుక్కున్నది కిందికి జారినట్టు హాయిగా అనిపించింది. నా పనికి విలువ లేదని కదా ఇన్నాళ్ళూ నాకు చెప్పింది? ఎంత విలువో ఈయనకు తెలుసు. రూపాయలతో సహా తెలుసు. అడగాల్సిన చోట గడగడా అప్పజెప్పాడు కూడా. నేను చేతకానిదాన్నేమో, అందుకే ఇవ్వడం లేదేమో అని రాత్రుళ్ళు నాలో నేనే కుమిలిపోయిన రోజులన్నీ గుర్తొచ్చి, పిచ్చిదానా అనుకున్నాను.

తిరిగి ఆసుపత్రికి వచ్చేసరికి గేటు దగ్గర హులిగమ్మ కూర్చొని ఉంది. గోనెగండ్ల నుంచి వచ్చిన కూలి మనిషి. గర్భసంచిలో గడ్డ, నెలల తరబడి రక్తం పోయి మనిషి పాలిపోయింది. మేమే రక్తం ఎక్కించి, సోమవారం ఆపరేషన్ అని రమ్మన్నాం. పక్కన సంచి, అందులోంచి కంచం అంచు కనిపిస్తోంది. రిసెప్షన్లో ఉండే మంజు బయటికొచ్చి, "కార్డు కేసులు బంద్ అని చెప్తే లేవదు మేడం" అంది.

"బందంటే బస్సులు గదా తల్లీ, కడుపులో నొప్పి గూడ బంద్ అయితాదా?" అంది హులిగమ్మ. "కర్నూలుకు పొమ్మంటాండారు. ఆడ నాకెవురుండారు? నువ్వే గదా ఆపొద్దు సెప్పినావు, సూది నేనే ఏస్తా, బయపడొద్దని."

చెప్పాను. ప్రతి రోగికీ చెప్తాను ఆ మాట. మా ఆయన చేతి పనికి ప్యాకేజీ ఉంది, జయరాం చేతి పనికి ప్యాకేజీ ఉంది, నేను ఇచ్చిన మాట మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. అది నా ఒక్కదానిదే. అక్కడే నిలబడి ఎమ్మిగనూరు గవర్నమెంటు ఆసుపత్రిలో ఉన్న డాక్టర్ వర్షిణికి ఫోన్ చేశాను. కాలేజీలో నాకు జూనియర్. ఎన్నోసార్లు అడిగింది, పిలిచినప్పుడు వచ్చి మత్తిస్తే కేసుకు ఫీజు ఇస్తాము రా అని. ఇంటిపని ఉందని దాటేస్తూ వచ్చాను.

"అక్కా, నిజంగా వస్తావా?" అంది వర్షిణి. "మత్తు డాక్టరు లేక అందర్నీ కర్నూలుకు తోలుతాండాను. రేపు పొద్దున్నే పెట్టుకుందాము. ఆమెను ఇప్పుడే పంపించు."

హులిగమ్మను ఆటో ఎక్కించాను. ఆ సంగతి మంజు చెప్పకముందే నేనే ఆయనకు చెప్పాను.

"బంద్ పిలిచినోణ్ణే నేను" అన్నాడు ఆయన. మొహం ఎర్రబడింది. "నా పెండ్లామే పోయి ఆడ మత్తిస్తే సంఘంలో నా మొహం యాడ పెట్టుకోవాల?"

"బంద్ డాక్టర్లకు కదండీ" అన్నాను. "నేను మీ మిసెస్‌ని. అట్లా చూసుకుంటా ఉండేదాన్ని."

మరునాడు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు, "ఎమ్మిగనూరుకు పోయి ఎప్పుడొస్తావో ఏమో, మధ్యాహ్నం వంట ఎట్లమ్మా?" అన్నారు.

"ఈ పొద్దు బంద్ అత్తయ్యా" అని గుమ్మం దాటాను. వెనక నుంచి ఏదో వినిపించింది కానీ నేను వినలేదు.

వర్షిణి థియేటర్ చిన్నది, గోడలకు పెచ్చులూడాయి, కానీ శుభ్రంగా ఉంది. గుమ్మం పక్కన తెల్లబోర్డు మీద నర్సు రంగుపెన్నుతో రాస్తోంది. సర్జన్ దగ్గర డాక్టర్ వర్షిణి అని రాసి, నా వైపు తిరిగి, "మత్తు డాక్టరు పేరు చెప్పండి మేడం" అంది. డాక్టర్ వసంత అన్నాను. రాసింది. అంతే. అంత చిన్న పని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జారినవి మాస్కులోనే ఇంకిపోయాయి కాబట్టి సరిపోయింది.

హులిగమ్మకు నడుములో సూది వేశాను. కాళ్ళు మొద్దుబారాయి కానీ మనిషి మెలకువగా ఉంది. తల దగ్గర స్టూలు మీద కూర్చొని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కోస్తాండారా తల్లీ?"

"కోస్తాండారు. నీకు తెలుస్తాందా?"

"ఏం తెలీదు. ఇంత సుకంగా ఎప్పుడు పండుకున్నానో." కాసేపాగి, "పనికి పిలిసేవోళ్ళు ఎవురూ రారు గదా ఈడికి?" అంది.

రారని చెప్పాను. ఆమెతోపాటు నాకూ చెప్పుకున్నాను. గడ్డ బయటికొచ్చింది, బీపీ నిలబడింది.

నాలుగో రోజు హులిగమ్మను మళ్ళీ చూడటానికి వెళ్ళాను. లేచి కూర్చొని, పక్క మంచం ఆమెతో, "ఈ యమ్మే నా మత్తు డాక్టరు" అని గొప్పగా చూపించింది. తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర హోటల్లో కూర్చొని ఉగ్గాని చెప్పాను. బొరుగులు సరిగ్గా నానాయి. మిరపకాయ బజ్జీ నాలుక కాలేంత వేడిగా ఉంది. వేరేవాళ్ళు వేసిన బజ్జీ వేడిగా తినడం ఎంత బాగుంటుందో! అప్పుడే ఫోన్ మోగింది.

"గెలిచినాం వసంతా!" మా ఆయన గొంతు సంతోషంతో పొంగిపోతోంది. "కొంత బాకీ ఇడుదల చేస్తాండారు. మత్తు డాక్టరు ఫీజు వేరేగా కలిపేది గూడ చూస్తామన్నారు. బంద్ తీసేసినాము. రేపు పొద్దున్నే మూడు కేసులు పెట్టుకున్నాను. వంట తొందరగా ముగించుకోని వచ్చెయ్."

నాకు నిజంగానే సంతోషమేసింది. ఆయన గెలిచాడు, కార్డు పట్టుకొని వచ్చేవాళ్ళు ఇక వెనక్కి పోనక్కర్లేదు.

"వస్తాను గిరీ" అన్నాను. పన్నెండేళ్ళ తర్వాత ఆ పేరు నోటికి భలే తేలిగ్గా వచ్చింది. "కేసుకు నాలుగు వేలు."

ఆయన నవ్వాడు. "తమాషాలాడొద్దు."

"తమాషా కాదు. ముందు చేతిలో డబ్బు పడనిదే మేము ఓ.టి.లో కాలు పెట్టమని నువ్వే గదా చెప్పినావు, ఆఫీసరమ్మ ముందర."

హోటలాయన ఇంకో రెండు బజ్జీలు నా పళ్ళెంలో వేసి వెళ్ళాడు. ఫోన్లో మా ఆయన గొంతు తగ్గించి, "ఇంటి మనిషివి గదా వసంతా, అదైనా చూడవా?" అన్నాడు.

"చూసినాను గిరీ. అందుకే వెనకటి బాకీ అడగలేదు."