పరాయి చేతి గుండీ

దర్జీకి భార్య మీద అనుమానం ఒక ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటల పది నిమిషాలకు పుట్టింది. అంతకు ముందు నిమిషం వరకూ ఆయనంత నిశ్చింతగా ఉన్న మొగుడు ఆ వీధి మొత్తంలో లేడు.

ఆమె సైన్యంలో లారీ డ్రైవరు. సరిహద్దు కొండల్లోకి సరుకు చేరవేసే దళంతో వెళ్ళి అయిదు నెలలైంది. వారానికొకసారి, ఆదివారం, పది నిమిషాలు ఫోన్లో ముఖం చూపిస్తుంది. ఆ పది నిమిషాల కోసం దర్జీ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుట్టుమిషను మీద ఫోను నిలబెట్టి గంట ముందు నుంచే దాని ముఖం చూస్తూ కూర్చునేవాడు.

ఆ రోజు ఆమె మంచు గురించో, బ్రేకుల గురించో ఏదో చెబుతోంది. ఆయన చెవికి ఎక్కడం లేదు. చూపంతా ఆమె యూనిఫాం ఎడమ జేబు దగ్గర ఆగిపోయింది. ఆ జేబు గుండీకి దారం ఇంటూ గుర్తులా కుట్టి ఉంది.

దర్జీ ఎప్పుడూ నాలుగు కన్నాల గుండీని రెండు నిలువు గీతలుగానే కుడతాడు. ఆయన గురువూ అలాగే కుట్టేవాడు. భార్య బయల్దేరే ముందు మూడు రోజులు కొట్టు మూసేసి, ఆరు జతల యూనిఫాంలకూ గుండీలన్నీ ఊడదీసి, మైనం రాసిన దారంతో తన చేత్తో మళ్ళీ కుట్టి మరీ పంపాడు. ఆమెకా, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అసలు వాళ్ళ పరిచయమే అలా మొదలైంది. అప్పట్లో ఆమె వారం వారం ఊడిన గుండీ ఒకటి గుప్పిట్లో పట్టుకుని బారక్సు ఎదుట ఉన్న ఈ కొట్టుకి వచ్చేది. సైనికులకు ఇంత నాసిరకం దారమా అని కడుపు మండి, ఆయన పైఅధికారులకు అర్జీ కూడా పెట్టాడు.

"ఆ గుండీ ఎవరు కుట్టారు?" అన్నాడు, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

ఆమె జేబు వంక చూసుకుని తడబడింది. "ఇదా? లారీ తలుపుకి తగులుకుని ఊడిపోయింది మాస్టారూ. ఇక్కడ ఒకరున్నారు లెండి, కుట్టిపెట్టారు." పెళ్ళయి పదేళ్ళయినా ఆమె ఆయన్ని కొట్టుకొచ్చే ఖాతాదారుల్లాగే మాస్టారూ అని పిలుస్తుంది.

"ఒకరంటే?"

"ఒకరంటే ఒకరే. అది సరే, అమ్మ మందులు వేసుకుంటోందా?"

అక్కడితో సిగ్నల్ పోయింది. దర్జీకి మతి కూడా పోయింది.

ఒంటి మీద ఉండగానే కుట్టారా, విప్పి ఇస్తే కుట్టారా? ఈ రెండింట్లో ఏది నయమో ఆయనకు ఎంతకీ తేలలేదు. ఒంటి మీదే అయితే, చివర మిగిలిన దారాన్ని కత్తెరతో కోశారా, పంటితో కొరికారా? పళ్ళ దాకా వచ్చేసరికి చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

ఆ వారం పనంతా పెంట పెంట అయింది. ఒక లాయరుగారి కోటుకి రెండు ఎడమ చేతులు కుట్టాడు. లాయరుగారు కోటు తొడుక్కుని కుడిచేతిని కాసేపు వెతుక్కుని, "నా కేసుల్లో కూడా ఇంత వంకర చూడలేదయ్యా" అని వెళ్ళిపోయాడు.

ఊరికే కూర్చుంటే లాభం లేదని దర్జీ ఒక వల పన్నాడు. కొత్త చొక్కా ఒకటి కుట్టి, దానికి అయిదు గుండీలనూ ఒంటి పోగుతో, ముట్టుకుంటే రాలేలా తగిలించి పార్సిలు పంపాడు. అవి రాలితే మళ్ళీ కుట్టేది వాడే కదా, చేతకానివాడైతే ఈసారి బయటపడతాడని లెక్క వేసుకున్నాడు. ఇంత వదులు గుండీలు కుట్టడానికి ఆయన పడిన బాధ ఇంతా అంతా కాదు. మంచి వంటవాడి చేత పనిగట్టుకుని ఉప్పు ఎక్కువ వేయించినట్టు, వేళ్ళు మొరాయించాయి.

రెండు వారాల తర్వాత ఆ చొక్కా వేసుకునే ఆమె ఫోన్లో కనిపించింది. అయిదు గుండీలూ ఇంటూ గుర్తులే. అంతే అయితే సరిపోయేది. దారాన్ని గుండీ అడుగున మెడలా చుట్టి, ముడి బట్ట చాటుకు దాచేశారు.

'వెధవ, పని తెలిసినవాడు' అనుకున్నాడు దర్జీ. అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

మర్నాటి నుంచి అన్నం సయించలేదు. ఇంట్లో ఉన్నది ఆయనా, అత్తగారూ. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. మరకను చూస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. అల్లుడి కంచం వారం పాటు ఓపిక పట్టి చూసి, ఆదివారం మధ్యాహ్నం తిన్నగా కొట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అల్లుడుగారూ, మీకు జబ్బా, లేక మనసులో ఏదన్నా పెట్టుకున్నారా?"

"ఏమీ లేదత్తయ్యా."

"ఏమీ లేకపోతే నిన్న నా లంగాకి కాలరెందుకు కుట్టారు?"

దర్జీ తలొంచుకున్నాడు. ఆపుకోలేక అంతా చెప్పేశాడు: జేబూ, ఇంటూ గుర్తూ, వలా, మెడ చుట్టిన దారమూ. ఆమె నోరు తెరిచేలోపు ఫోను మోగింది. తెర మీద భార్య ముఖం ప్రత్యక్షమైంది.

"ఏదీ, పక్కకి జరగండి," అని అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోను మీదకి వంగింది. "ఇదేనా మీరు చెప్పే గుండీ? ఇది మా లాండ్రీ కుట్టు కదూ! రోగుల చొక్కాలకి ఇలాగే వేసేవాళ్ళం. మా అమ్మాయికి పదేళ్ళప్పుడు నేనే నేర్పాను."

"అమ్మా! నువ్వు కాస్త ఊరుకుంటావా!" అంది కూతురు.

దర్జీ అత్తగారి వంకా, ఫోను వంకా చూశాడు. "నీకు... కుట్టడం వచ్చా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "వచ్చు మాస్టారూ."

"మరి వారం వారం ఆ గుండీలు?"

"నేనే బ్లేడుతో కోసేదాన్ని. మొత్తం పదకొండు. ఊరికే కొట్టుకి రావాలంటే ఏ వంక పెట్టుకుని రమ్మంటారు?"

"మరి నా అర్జీ!"

"దాని మీద విచారణ కూడా జరిగింది. పాపం స్టోర్సు ఆఫీసరు ఏ తప్పూ లేకుండానే దారం కంపెనీ మార్చాడు. అందుకే ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. ఇక్కడ ఇరవై ముగ్గురి గుండీలు నేనే కుడుతున్నాను. మీకు చెప్తే పాతదంతా బయటికొస్తుందని 'ఒకరు' అన్నాను." తన చేతుల వంక చూసుకుంది. "ఆ మలుపుల్లో బండి నడిపి దిగాక చేతులు వణుకుతాయి మాస్టారూ. పడుకున్నా ఆగవు. సూది పట్టుకుంటే ఆగుతాయి."

దర్జీ ఇన్ని వారాలుగా ఆ చొక్కా మీద గుండీలన్నీ చూశాడు. వాటి పక్కనే ఉన్న ఆ చేతుల్ని ఒక్కసారీ చూడలేదు.

"ఇంతకీ మీరేమనుకున్నారు?" అంది ఆమె.

"నాకంటే బాగా కుట్టేవాడు దొరికాడనుకున్నాను."

ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే అవునంటావేమోనని భయమేసింది."

ఆమె నవ్వు ఆగిపోయింది. వేలితో తెరను మెల్లగా తాకింది.  దర్జీ మళ్ళీ ఆ గుండీ వంక చూసి, "అయినా ఇంటూ కుట్టు అంత గట్టిగా ఉండదు. దారం మధ్యలో ఒరుసుకుంటుంది," అన్నాడు.

"ఏంటీ? ముప్పై ఏళ్ళలో నేను కుట్టింది ఒక్కటి ఊడలేదు!" అని అత్తగారు లేచి నిలబడింది. సిగ్నల్ పోయేదాకా ముగ్గురూ దాని మీదే వాదించుకున్నారు. ఆ పూట దర్జీ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మర్నాడు మంచి దారం ఉండలు డజనూ, సూదులూ, వేలికి తొడుక్కునే తొడుగూ పార్సిలు కట్టాడు. తర్వాతి ఆదివారాల్లో మొదటి ప్రశ్న చేతుల గురించే అడిగేవాడు.

ఆమె నాలుగు నెలల తర్వాత చెప్పాపెట్టకుండా వచ్చింది. ఆ సమయానికి దర్జీ ఒక హెడ్మాస్టరు పొట్ట కొలుస్తున్నాడు. వీధి మలుపులో సంచి భుజాన వేసుకుని వస్తున్న మనిషిని అద్దంలో చూశాడు. అంతే, ఆ పొట్ట చుట్టూ వేసిన టేపు రెండు కొసలూ పట్టుకునే గుమ్మం దాటాడు. వెనకాల హెడ్మాస్టరు కూడా, "ఏమయ్యా, ఏమయ్యా" అంటూ నడిరోడ్డు దాకా వచ్చేశాడు.